పండుగ ఎప్పుడని అడిగి వచ్చేవాడు

మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నా చేతిలో ఒక పిల్ల వేలు ఉంది. సూది గుచ్చి, రక్తం చుక్కను పరీక్ష పట్టీ మీద వేసి, ఆ వేలిని దూదితో నొక్కి పట్టుకున్నాను. మిరపకాయలు ఏరడానికి భద్రాచలం అవతలి చేలకు పోయే కూలీల బండి కొంటా రోడ్డు మలుపులో ఆగి ఉంది. దాని పక్కనే గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. మా ఊరతను మోటార్ సైకిల్ మీద వచ్చి, ఇంజను ఆపకుండానే చెప్పాడు.

"అక్కా, మలేరియా మామ పోయిండు. పొద్దుగాల ఎండకు కూసోని, చాయ్ గిలాస కింద వెట్టిండంట. అట్లనే పక్కకు ఒరిగిండంట."

ఇంకా నలుగురికి చెప్పాలని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇదేం సమయం మామా పోవడానికి అనుకున్నాను. ఇక్కడ పట్టీ మీద మలేరియా ఉందని చెప్పే రెండో గీత తేలుతోంది, అక్కడ బండివాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

నేను మా ఊరి మితానిన్‌ని. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు చూసి, జాంచ్ అనే రక్తపరీక్ష చేసి, సర్కారు ఇచ్చిన మందులు పంచే మనిషిని. ఈ పని నాకు నేర్పినవాడు ఆయన. పేరు రాయడం లేదు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మలేరియా శాఖలో కుర్రతనం నుంచి పని చేశాడు గనక మలేరియా మామ. నా ఇంటికి మూడిళ్ళ అవతల ఆయన ఇల్లు. నన్ను కోడలా అని పిలిచేవాడు.

కూలికి పోయేవాళ్ళను బండి ఎక్కకముందే పరీక్ష చెయ్యాలన్నది కూడా ఆయన పెట్టిన అలవాటే. వాళ్ళు ఇక్కడి జ్వరాన్ని అక్కడికి మోసుకుపోతారు, లేదంటే జ్వరం ముదిరి చేలోనే పడిపోతారు. రెండో గీత వచ్చిన పిల్లకు ఆరేళ్ళుంటాయి, పేరు బుజ్జి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందంతే, అటూ ఇటూ గెంతుతూనే ఉంది. ఆమె తల్లి దేవె చేతిలో మూట పట్టుకుని, ఒక కాలు అప్పటికే బండి మీద పెట్టింది.

"మూడు రోజులు ఆగవే. మందు అయినంక పోదువు" అన్నాను.

"ఆగితే మేస్త్రి నా తావుల ఇంకోళ్ళని ఎక్కిస్తడు అక్కా."

"పిల్ల కావాల్నా, మిరపకాయలు కావాల్నా నీకు?"

అనకూడని మాట. నోరు జారాక తెలిసింది. దేవె మొహం బిగుసుకుపోయింది. మొదటి రోజు మాత్రలు నా ఎదుటే పిల్లకు మింగించింది. మిగిలిన రెండు రోజులవీ పొద్దునే వెయ్యమని చేతిలో పెడితే కొంగున కట్టుకుంది. మేస్త్రి ఫోన్ నంబరు నేను రాసుకుంటూ ఉండగానే బండి కదిలింది. ఆ మాత్రలు పిల్ల కడుపులోకి పోతాయో, మిరప చేలో మట్టిలోకి పోతాయో నాకు తెలియదు. ఈ జ్వరం సంగతి నాకు తెలుసు. మందు సగంలో ఆపితే రెండు రోజులు మాయమైనట్టే ఉండి, తలకెక్కి వస్తుంది. అప్పుడు ఆరేళ్ళ పిల్లకు మళ్ళీ లేచే ఓపిక ఉండదు.

మామ ఇంటికి వెళ్ళాను. ముంగిట్లో మంచం మీద పడుకోబెట్టారు. ఆయన భార్య, నేను అత్త అని పిలిచేది, కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. వచ్చినవాడల్లా ఒకటే ప్రశ్న: మలేరియానా? నాకు ఒళ్ళు మండింది. "మలేరియా కాదు, గుండె. మలేరియాకి ఆయన దగ్గరికి వచ్చే ధైర్యం యాడిది?" అని ఒకాయన మీద అరిచాను. అత్త తలెత్తి చూసింది. ఆ మాటకు ఆమె కొంచెం నవ్వింది కూడా. మామలాగా ఎవరైనా అరిస్తే ఆమెకు ఇష్టం. ఆయన అందరి మీదా అరిచేవాడు మరి.

ఆయన మంచివాడని రాయడానికి కూర్చున్నాను కానీ, మెత్తనివాడని రాస్తే నా నోట్లో మన్ను పడుతుంది. దోమతెరలు పంచిన ఏడాది ఒక ఇంట్లో తెరను కోడిపిల్లల మీద కప్పారు. మామ ఆ ఇంటి పెద్దను పట్టుకుని, "కోడికి మలేరియా రాదురా, నీకొస్తది. నువ్వు గంప కింద పడుకో, వాటిని తెరల ఉండనియ్యి" అని నడివీధిలో కేకలేశాడు. శబరి నదిలో తెరలతో చేపలు పట్టేవాళ్ళ మీదికి నీళ్ళలోకి దిగి పోయాడు. చెప్పులు కొట్టుకుపోయినా చూసుకోలేదు. గోడకు చెప్పినా ఒకరోజుకు వింటుంది గానీ మీరు వినరు అని ఆయన ఊతపదం. ఒకచోట పావుగంట కూర్చుని ఎరగడు. కాలు కాలిన పిల్లి అని అత్త పేరు పెట్టింది.

ఆయన పడుచువాడుగా పనిలో చేరినప్పుడు దోమకు మందు డీడీటీ ఒక్కటే. పౌడరు నీళ్ళలో కలిపి, ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు గొట్టం పట్టి ఇంటి లోపలి గోడలు తడిపేవాడు. మొదట్లో ఇళ్ళలో నల్లులు కూడా చచ్చేవట. అందుకని జనం ఎదురొచ్చి పిలిచేవారట. కొన్నాళ్ళకు నల్లులకు అలవాటైంది, దోమలకూ అలవాటైంది, జనానికి మాత్రం ఆ వాసన అలవాటు కాలేదు. రక్తం గాజు పలక మీద తీసి పెద్ద ఊరికి పంపితే, ఫలితం వచ్చేసరికి నెల. "అప్పటికి ఆ మనిషి లేచి పనికన్నా పోయేటోడు, లేకుంటే మొత్తానికే పోయేటోడు. నేను కాయితం పట్టుకొని ఎవల్ని వెతకాలె?" అనేవాడు. క్లోరోక్విన్ గోలీలు సంచిలో వేసుకుని తిరిగాడు. కొన్నాళ్ళకు అవీ పని చెయ్యడం మానేశాయి. "నా ఉద్యోగంల మలేరియా అయిపోయిందని మూడుమాట్లు చెప్పిండ్రు కోడలా. మూడుమాట్లు మిఠాయి తిన్న. అది నాకంటే ముందుగల్ల ఊర్లకు వచ్చి కూసునేది" అని నవ్వేవాడు.

ఇప్పుడు రాయాల్సింది నేను ఇన్నేళ్ళుగా ఎక్కడా చెప్పనిది. అది ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు ఆ ముంగిట్లో పడుకుని ఉన్నారు.

నాకు పెళ్ళై రెండో వానాకాలం. మా వైపు కొత్తల పండుగ నాడు కొత్త పంటను దేవతకు పెట్టందే నోట పెట్టం. పండుగకు ముందు ఇల్లు లోపలా బయటా ఎర్రమట్టి, పేడ కలిపి అలకాలి. అలకని ఇంటికి దేవత రాదు, చుట్టాలు వచ్చినా మూతి తిప్పుకుంటారు. సరిగ్గా పండుగకు నాలుగు రోజుల ముందు మామ పంపు తీసుకుని వచ్చి ఊరంతా మందు కొట్టిపోయాడు. గోడల నిండా తెల్లని చారలు. మా అత్తగారు గోడ వంక చూసి నిట్టూర్చింది. మంచి కోడలని పేరు తెచ్చుకోవాలన్న ఆత్రం నాది. తెల్లారగానే మట్టి తవ్వుకొచ్చి, ఇంట్లో ఒక్క గోడ వదలకుండా అలికేశాను. నన్ను చూసి పక్కింటామె, ఆమెను చూసి ఆ పక్కింటామె. పొద్దుగూకేసరికి ఊళ్ళో మందు కొట్టిన గోడ ఒక్కటి మిగల్లేదు. పండుగ ఎంత బాగా జరిగిందో! మా ఇంటి గోడలని అందరూ మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకు మామ మళ్ళీ వచ్చాడు. గోడ మీద వేలితో రాసి చూశాడు.

"మందు ఏమైందే?"

"వాన కొట్టింది మామా" అన్నాను.

ఇంటి లోపలి గోడకు వాన! అబద్ధమైనా అతికేటట్టు ఉండాలి కదా. మామ గోడకు దగ్గరగా వెళ్ళి, నా చెయ్యి తిరిగిన చోటల్లా మట్టిలో పడ్డ వంపులను చాలాసేపు చూశాడు.

"మంచి వాననే. అయిదు వేళ్ళతోటి కురిసింది" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ కార్తెలోనే మా ఆడబిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చింది. నాకంటే ఏడాది చిన్నది. నన్ను వదినా అని పిలవడానికి సిగ్గుపడి నవ్వేది. వచ్చిన మూడోవారం చలిజ్వరం పట్టుకుంది. మా అత్తగారు పసరు పోయించింది, దేవరకు మొక్కింది. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. మంచం మీద వేసుకుని నలుగురు కొంటా ఆసుపత్రికి పరుగెత్తారు. దారిలోనే, కడుపులో బిడ్డతో సహా పోయింది. ఆ ఏడాది ఊళ్ళో ఇంకా కొన్ని ఇళ్ళలో ఏడుపులు విన్నాం. నేను లెక్క పెట్టలేదు. ప్రతి ఏడుపూ నా చేతి నుంచే వచ్చిందనిపించేది. అన్నం ముద్ద చేస్తుంటే చేతికి మట్టి కనిపించేది.

ఆగలేక ఒకరోజు మామ చేనుకు వెళ్ళి చెప్పేశాను. వాన కాదు, నేనే అలికాను, అందరికంటే ముందు నేనే అలికాను, నా ఆడబిడ్డను నేనే చంపుకున్నాను అని నేల మీద పడి ఏడ్చాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. మామ గట్టు మీద నా పక్కనే కూలబడ్డాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు అలికినవ్ నిజమే. మీ పండుగ ఎప్పుడని నేను అడగలే గద కోడలా. ఎన్నేండ్ల సంది మోస్తున్న ఈ పంపు! పెద్దల్నడిగిన, సర్పంచినడిగిన, గోడ అలికే ఆడదాన్ని ఒక్కదాన్ని అడగలే. నాకు తేదీ ఇచ్చిండ్రు, నేను కొట్టిన. నీ తప్పుల సగం నాకియ్యి. ఒక్కదానివే మొయ్యకు" అన్నాడు.

ఆ మాట నన్ను బతికించింది. దాన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

మరుసటేడు ఆయన పంపు లేకుండా ముందుగా వచ్చాడు. ఇంటింటి గుమ్మంలో కూర్చుని ఆడవాళ్ళను అడిగాడు. పండుగ ఎప్పుడు? మట్టి ఎప్పుడు తెస్తరు? ఆరడానికి ఎన్ని రోజులు పడ్తది? మేం అలికిన గోడ ఆరాక వచ్చి మందు కొట్టాడు. పండుగ నాడు కనిపించే బయటి గోడలను వదిలేశాడు. లోపల తెల్ల చారలుంటే ఉండనివ్వండి, దేవతకు నేను చెప్పుకుంటా అన్నాడు. పై అధికారి తేదీలు మార్చావని చాలా గొడవ చేశాడు. కాయితం మీద పని అయిపోయినట్టు రాసుకుని గోడ మీద మందు లేకపోవడం కంటే, నాలుగు రోజులు ఆలస్యంగా గోడ మీద మందు ఉండటం మేలని మామ వాదించాడట. ఆ తర్వాత ఆయన్ని దూరంగా ఉసూర్ వైపు ఊళ్ళకు కొన్నాళ్ళు పంపారు. అక్కడ కూడా మొదట పండుగలే అడిగాడని విన్నాను.

నన్ను మితానిన్ పనిలో చేరమని వెంటపడింది ఆయనే. నాకు నేర్పిన మొదటి పాఠం సూది కాదు, ఆగడం. ఒక్కచోట కూర్చోలేని మనిషి నాకు ఆగడం నేర్పాడంటే ఎవరూ నమ్మరు. పరీక్ష పట్టీలు కొత్తగా వచ్చినప్పుడు "గీత చూసి జరం చెప్పేదేంది, చిలక జోస్యమా?" అని ఎగతాళి చేసినవాడే, నెల కాకుండా దానికి దాసుడైపోయాడు. గీత రావడానికి పట్టే ఆ ఇరవై నిమిషాలు ఎదుటివాళ్ళ ఇంటి సంగతులు అడుగుతూ కూర్చునేవాడు. పిల్లలు భయపడితే ముందు తన వేలే పొడుచుకునేవాడు. ఆయన వేళ్ళ కొనలు జల్లెడలా ఉండేవి. జ్వరం లేనివాళ్ళకు కూడా ఇంటిల్లిపాదికీ జాంచ్ చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఊరు తిరగబడింది. ఒళ్ళు బాగున్నవాడికి రక్తం ఎందుకు తియ్యాలని అడిగారు. మామ అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది: "జరమొచ్చినోడు నా దగ్గరికి వస్తడు. జరం దాచుకున్నోడి దగ్గరికి నేనే పోవాలె. వాడు దాచుకున్నట్టు వానికే తెల్వదు."

ఇవన్నీ ఆ రోజు మామ శవం దగ్గర కూర్చుని తలుచుకుంటున్నాను. ఉన్నట్టుండి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. దేవెను నేనేం అడిగాను? పిల్ల కావాలా, మిరపకాయలు కావాలా అని. అది అడగడమా? ఆ ఇరవై నిమిషాల్లో ఆమె అక్కడ ఎప్పుడు వండుకుంటుంది, పిల్ల ఎప్పుడు తింటుంది అన్న ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్ళు ఆయన వెంట తిరిగి, ఆయన పోయిన రోజే, నేనూ తేదీ పట్టుకుని పంపు ఎత్తాను.

మా ఊళ్ళో ఫోను సిగ్నల్ చెరకు చేను గట్టు మీద ఒక్కచోటే వస్తుంది. శవాన్ని ఎత్తేలోపు మూడుసార్లు లేచి అక్కడికి పోయాను. మేస్త్రి ఫోను కలవలేదు. నాలుగోసారి లేస్తుంటే మామ తమ్ముడి భార్య వినబడేలా అంది. "సొంత కోడలి లెక్క చూసుకుండు. ఈమెకు శవం కాడ గడియసేపు కూసునుడు గూడ అయితలేదు." అత్త మాత్రం తల తిప్పకుండా, "పోనీయ్, ఆయన గూడ గంతే గద" అంది.

మట్టి చేసి వచ్చాక ఇంకా వెలుగుండగానే ఫోను కలిసింది. మేస్త్రి విసుక్కుంటూ దేవెకు ఇచ్చాడు.

"దేవె, పొద్దుగాల అన్నదానికి కోపమున్నదా?"

అటునుంచి గిన్నెలు కడిగే చప్పుడు వినబడింది. నేనే మళ్ళీ అందుకున్నాను.

"ఉండాలె. తప్పే అన్న. ఇప్పుడు అడుగుతున్న చెప్పు. రేపు మీరు చేనుకు ఎన్నింటికి పోతరు? పిల్ల ఎప్పుడు తింటది?"

ఆమె గొంతు కొంచెం కరిగింది. పొద్దు పొడవకముందే చేలో ఉండాలట. పిల్ల కూడా ఖాళీ కడుపుతోనే వస్తుందట. పది గంటలకు గానీ గంజి తాగరట. "గోలీ పొద్దుగాల్నే వెయ్యమన్నవ్ అక్కా. ఖాళీ కడుపున వేస్తే దీనికి కక్కుడే. పోయిన పాలి గూడ కక్కింది. అందుకే ఆ గోలీలు పారేద్దామనుకున్న."

పొద్దునే వెయ్యమన్నది నేనే. పది గంటలకు, గంజి తాగాకనే వెయ్యమన్నాను. అరగంటలోపు కక్కితే వెంటనే నాకు చెప్పమన్నాను. దేవె సరే అనకుండానే ఫోను తెగిపోయింది.

రెండో రోజంతా ఆ గట్టు మీదే తిరిగాను. ఫోను కలవలేదు. మూడో రోజు మామకు చిన్నదినం చేస్తున్నారు. పది గంటలవుతుంటే విస్తళ్ళు కడుగుతున్నదాన్ని చేతులు తుడుచుకోకుండానే లేచి పోయాను. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. గట్టు మీద నిలబడగానే మేస్త్రి నంబరు నుంచి ఫోను మోగింది.

మందు మింగించేది నాకు వినిపించాలనే దేవె కలిపినట్టుంది. ఫోను ఎక్కడో చేలో నేల మీద పెట్టినట్టున్నారు. గాలి చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు, మధ్యలో బుజ్జి గొంతు గీపెట్టి ఏడుస్తోంది. "చేదుంది, నాకొద్దు, చేదుంది!" అని కాళ్ళు నేలకేసి కొడుతోంది. ఎవరో తిడుతున్నారు, ఎవరో బెల్లం ముక్క ఆశ చూపిస్తున్నారు. గడగడా నీళ్ళు తాగిన చప్పుడు. అంతలో పిల్ల ఇంకా గట్టిగా ఏడుపు అందుకుంది. ఆ చేదు మింగాక వచ్చే ఏడుపు.

అప్పుడు ఏడ్చాను నేను, మామ పోయిన మూడో రోజున. ఇంటి దగ్గర నుంచి తినడానికి రమ్మని పిలుస్తున్నారు. తడి చేతిలో ఫోను చెవికి గట్టిగా అదుముకుని, మిరపచేలో ఆ పిల్ల ఏడుపు ఆగేదాకా వింటూ అక్కడే నిలబడ్డాను.